రోహిత్ నుంచి గిల్‌కు వన్డే పగ్గాలు: ఇకపై పాత సారథి చోటు ఎక్కడ?

కృష్ణా ఎండ్ (విజయవాడ)
4 అక్టోబరు 2025, సాయంత్రం 6.10

అహ్మదాబాద్ టెస్టులో వెస్టిండీస్‌ను మూడో రోజే ఇన్నింగ్స్ 140 పరుగుల తేడాతో ఓడించిన ముచ్చట ఇంకా పూర్తికాకముందే ఆస్ట్రేలియా పర్యటనకు జట్లు వెలువడ్డాయి. వన్డే పగ్గాలు రోహిత్ శర్మ చేతిలోంచి టెస్టు సారథి శుభ్‌మన్ గిల్ చేతికి వెళ్లాయి. శ్రేయస్ అయ్యర్ ఉపసారథి అయ్యాడు. రోహిత్, కోహ్లి ఇద్దరూ బ్యాటర్లుగా జట్టులో కొనసాగుతున్నారు. 2027 ప్రపంచకప్‌కు ముందు కొత్త సారథికి తగినంత సమయం ఇవ్వాలన్నదీ, మూడు ఫార్మాట్లకు ముగ్గురు సారథులుంటే ప్రణాళిక వేసుకోవడం ఆచరణలో సాధ్యం కాదన్నదీ సెలక్షన్ కమిటీ ఛైర్మన్ అజిత్ అగార్కర్ చెప్పిన కారణాలు.

ఈ కారణాలు నాకు అర్థమవుతున్నాయి గానీ మనసు ఒప్పుకోవడం లేదు. రోహిత్ 56 వన్డేల్లో జట్టును నడిపి 42 గెలిపించాడు. 2023 ప్రపంచకప్‌లో వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి ఒక్క ఫైనల్‌లో ఓడిపోయాం. ఈ ఏడాది మార్చి 9న దుబాయ్‌లో న్యూజిలాండ్‌పై ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ గెలిచినప్పుడు 76 పరుగులు చేసి మ్యాచ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచింది కూడా అతనే. ఆ తర్వాత ఏడు నెలలుగా భారత జట్టు ఒక్క వన్డే కూడా ఆడలేదు. అంటే సారథిగా అతను చివరిసారి మైదానం వీడింది కప్పు చేతబట్టుకుని. ఒక్క ఓటమి కూడా లేకుండా టోర్నీ గెలిచిన సారథిని, మధ్యలో మరో మ్యాచ్ లేకుండానే తప్పించడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. మిత్రులందరూ తమ అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాను.

ఉప్పల్ గ్యాలరీ (హైదరాబాద్)
4 అక్టోబరు 2025, రాత్రి 7.25

కృష్ణా ఎండ్ గారూ, మీ బాధలో నాకూ భాగం ఉంది. అయితే ఈ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతున్నాను.

2023 జనవరి 18న ఉప్పల్ స్టేడియంలో న్యూజిలాండ్‌పై గిల్ 149 బంతుల్లో 208 పరుగులు చేసిన రోజున నేను తూర్పు వైపు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. అవతల ఎండ్‌లో వికెట్లు పడుతూనే ఉన్నాయి. మరొకరైతే నలభయ్యో ఓవర్లోనే తొందరపడి గాల్లోకి కొట్టి వెళ్లిపోయేవారు. ఆ కుర్రవాడు మాత్రం ఎవరు వచ్చినా పోయినా తన లెక్క తాను వేసుకుంటూ నిలబడి, చివరికి ఫెర్గూసన్ బౌలింగ్‌లో వరుసగా మూడు సిక్సర్లు కొట్టి ద్విశతకం అందుకున్నాడు. ఆ రోజు మనం 349 చేసినా బ్రేస్‌వెల్ 140 పరుగులతో మ్యాచ్‌ను దాదాపు లాగేసుకున్నాడు. ఊరి బిడ్డ సిరాజ్ నాలుగు వికెట్లు తీయకపోతే ఆ 12 పరుగుల గెలుపు దక్కేది కాదు. ఆనాటి సారథి రోహిత్.

గిల్‌కు ఓపిక ఉందని ఆ రోజే తెలిసింది. ఓపిక ఉన్నవాడికి నాయకత్వం వస్తుందా అన్న సందేహం ఈ ఏడాది ఇంగ్లండ్‌లో టెస్టు సిరీస్‌తో తీరింది. 754 పరుగులు చేయడం ఒక ఎత్తు, లార్డ్స్‌లో 22 పరుగులతో ఓడిన జట్టును కూడదీసుకుని మాంచెస్టర్‌లో ఓటమి తప్పించి, ఓవల్‌లో 6 పరుగులతో గెలిచి 2-2తో తిరిగి రావడం మరో ఎత్తు.

పాత స్కోరు పుస్తకం (సికింద్రాబాద్)
4 అక్టోబరు 2025, రాత్రి 9.50

డెబ్బై దాటిన వాడిని. సారథుల మార్పులు చాలా చూశాను, చూడనివి మా నాన్నగారి నోట విన్నాను. మిత్రులు అనుమతిస్తే కొంచెం వెనక్కి వెళతాను.

మన క్రికెట్‌లో సారథిని సాఫీగా మార్చిన సందర్భాలు తక్కువ. 1971లో సెలక్టర్ల ఓట్లు సమానమైతే ఛైర్మన్ విజయ్ మర్చంట్ తన నిర్ణాయక ఓటుతో పటౌడీని కాదని వాడేకర్‌ను ఎంచుకున్నారు. 1979లో ఇంగ్లండ్ నుంచి తిరిగి వస్తున్న విమానంలో, వెంకటరాఘవన్ స్థానంలో మళ్లీ గవాస్కర్ సారథి అయ్యాడని పైలట్ ప్రకటిస్తే ఆయన తన సీట్లో కూర్చుని విన్నారని చాలామంది రాశారు. 1989లో శ్రీకాంత్ పాకిస్తాన్ గడ్డ మీద నాలుగు టెస్టులూ డ్రా చేసి జట్టును ఓటమి లేకుండా తీసుకొస్తే, సారథ్యమే కాదు, జట్టులో చోటే పోయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు మన అజహరుద్దీన్. మా వీధి వాళ్లమంతా మిఠాయిలు పంచుకున్నాం. కానీ ఆ రాత్రి శ్రీకాంత్ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందోనని మా నాన్నగారు అన్న మాట నేను మరిచిపోలేదు.

ఇంకా వెనక్కి వెళితే కథ తెలుగువాళ్ల మధ్యకే వస్తుంది. 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు సారథ్యం వహించినవారు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ సి.కె. నాయుడు. నాలుగేళ్లకు, 1936లో, అదే ఇంగ్లండ్‌కు జట్టును తీసుకెళ్లే అవకాశం విజయనగరం రాజకుమారుడు విజ్జీకి దక్కింది. ఆటలో ఏ విధంగానూ సాటిరాని వ్యక్తి కింద నాయుడు మామూలు ఆటగాడిగా ఆడవలసి వచ్చింది. ఆ పర్యటన మధ్యలో లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు, జట్టు రెండుగా చీలిపోయింది. అంతటి అవమానాల మధ్య కూడా ఓవల్ టెస్టులో నాయుడు 81 పరుగులు చేశారు.

రోహిత్‌ను తీసివేయడం న్యాయమా అని కృష్ణా ఎండ్ గారు అడిగారు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. తీసివేసిన తర్వాత అతను ఎక్కడ నిలబడతాడు? స్లిప్‌లో నిలబడి కొత్త సారథికి మాట సాయం చేస్తాడా, లేక బౌండరీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడా? జట్టు భవిష్యత్తు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

తొలి స్లిప్ (గుంటూరు)
5 అక్టోబరు 2025, ఉదయం 8.05

పెద్దవారు అడిగిన ప్రశ్న దగ్గరే మనం ఆగాలని నా కోరిక.

2021 డిసెంబరు 8న విరాట్ కోహ్లి వన్డే సారథ్యం పోయినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. దక్షిణాఫ్రికా టెస్టు పర్యటన జట్టుతో పాటు వన్డేలకు రోహిత్ సారథి అన్న మాట వెలువడింది. సెలక్షన్ సమావేశానికి గంటన్నర ముందు తనకు ఫోన్ వచ్చిందనీ, టెస్టు జట్టు గురించి మాట్లాడిన తర్వాత చివర్లో వన్డే సారథిగా ఉండబోవని చెప్పారనీ వారం తర్వాత కోహ్లి స్వయంగా విలేకరుల ముందు చెప్పాడు. 95 వన్డేల్లో 65 గెలిపించిన సారథికి దక్కిన వీడ్కోలు అది. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆ తర్వాత రెండేళ్లకు జరిగిన ప్రపంచకప్‌లో అదే కోహ్లి, అదే రోహిత్ సారథ్యంలో, 765 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడు అయ్యాడు. సమాచారం చెప్పిన తీరు తప్పు. మార్పు మాత్రం జట్టును చీల్చలేదు, ఎందుకంటే ఆ ఇద్దరూ చీలనివ్వలేదు.

మహిళల జట్టులో ఇది ఇంత సులువుగా జరగలేదు. మిథాలీ రాజ్ వన్డేలకు, హర్మన్‌ప్రీత్ టీ20లకు సారథులుగా ఉన్న కాలంలో, 2018 నవంబరులో ఆంటిగ్వాలో ఇంగ్లండ్‌తో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్‌కు మిథాలీని పక్కన కూర్చోబెట్టారు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. గాయం మానడానికి చాలా కాలం పట్టింది. నేను యూనివర్సిటీ జట్టుకు ఆడిన రోజుల్లో మిథాలీయే మా అందరికీ ఆదర్శం, కాబట్టి ఈ మాట నిష్పాక్షికంగా చెబుతున్నానని అనలేను. అయినా ఒక జట్టులో ఇద్దరు సారథులు ఉన్నప్పుడు వారి మధ్య మాట పోతే ఎవరు నష్టపోతారో ఆ రోజు చూశాం.

టెక్సాస్ తెల్లవారుజాము (డల్లాస్)
5 అక్టోబరు 2025, రాత్రి 9.30

ఇక్కడ ఇప్పుడు ఆదివారం ఉదయం. అందరి మాటలూ చదివాను.

రోహిత్ వయసు 38, ప్రపంచకప్ నాటికి 40 దాటుతాయి. గిల్‌కు ఇప్పుడు 26. వన్డేలు ఇంతగా తగ్గిపోయిన కాలంలో, ఏడాదికి నాలుగైదు సిరీస్‌లు మాత్రమే దొరికేటప్పుడు, కొత్త సారథి తన బౌలర్లను తెలుసుకోవడానికి రెండేళ్లు నిజానికి చాలా తక్కువ సమయం. రోహిత్ ప్రపంచకప్ ఆడతాడో లేదో తెలియనప్పుడు అతనికోసం పగ్గాలు పట్టి ఉంచడం గిల్‌కు అన్యాయం చేసినట్టవుతుంది.

అయితే ఒక విషయంలో నాకు భయం ఉంది. టెస్టుల్లో నాయకత్వం జస్‌ప్రీత్ బుమ్రాకు రావలసింది. పెర్త్‌లో 295 పరుగులతో గెలిపించిన సారథి అతను. వెన్ను సహకరించదు, అన్ని టెస్టులూ ఆడలేను అని తనంతట తానే పక్కకు తప్పుకున్నాడు. శరీరాన్ని కాపాడుకోవడానికి బుమ్రా వద్దన్న భారాన్ని, మూడు ఫార్మాట్లూ ఆడే గిల్ భుజాల మీద రెండింతలు చేసి పెడుతున్నాం.

కృష్ణా ఎండ్ (విజయవాడ)
19 అక్టోబరు 2025, సాయంత్రం 5.45

పెర్త్ మ్యాచ్ ముగిసింది. వాన వల్ల 26 ఓవర్లకు కుదించిన ఆటలో మనం 9 వికెట్లకు 136, వాళ్లు 7 వికెట్లతో గెలిచారు. రోహిత్ 8, గిల్ 10, కోహ్లి 0.

ఓటమి గురించి రాయాలని లేదు. ఉదయం మ్యాచ్‌కు ముందు చూసిన దృశ్యం గురించి రాయాలనిపిస్తోంది. మన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డికి ఈ రోజు తొలి వన్డే. అతనికి టోపీ అందించింది రోహిత్ శర్మ. సారథ్యం పోయిన తర్వాత ఆడుతున్న మొదటి మ్యాచ్‌లో, ఆట మొదలుకాకముందే, ఒక కొత్త ఆటగాడిని జట్టులోకి ఆహ్వానించే పెద్దరికం అతనికే ఇచ్చారు. మాట్లాడిన తర్వాత అతను నితీశ్‌ను దగ్గరకు తీసుకున్నాడు. పక్కనే గిల్ చప్పట్లు కొడుతున్నాడు. పాత స్కోరు పుస్తకం గారు అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇదేనేమో. నితీశ్ చివర్లో 11 బంతుల్లో 19 చేసి అజేయంగా నిలిచాడన్నది ఈ రోజుకు నాకు మిగిలిన సంతోషం.

ఉప్పల్ గ్యాలరీ (హైదరాబాద్)
23 అక్టోబరు 2025, సాయంత్రం 6.20

సిరీస్ పోయింది. అడిలైడ్‌లో 264 చేసి రెండు వికెట్ల తేడాతో ఓడాం. రోహిత్ 73, శ్రేయస్ 61. కోహ్లికి మళ్లీ సున్నా. గిల్ మీద ఎంత నమ్మకమున్నా ఈ రోజు ఒక మాట అనక తప్పదు.

ఇదే పిచ్ మీద వాళ్ల మణికట్టు స్పిన్నర్ ఆడమ్ జంపా నాలుగు వికెట్లు తీశాడు. మనకు కుల్దీప్ యాదవ్ ఉన్నాడు, రెండు మ్యాచ్‌లుగా డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని ఉన్నాడు. బ్యాటింగ్ ఎనిమిదో స్థానం దాకా ఉండాలన్న లెక్కతో వికెట్లు తీసే బౌలర్‌ను పక్కనపెట్టారు. ఇది సారథి నిర్ణయమా, కోచ్ గౌతమ్ గంభీర్ నిర్ణయమా మనకు బయటినుంచి కనిపించదు. కానీ పేరు సారథిదే కాబట్టి జవాబుదారీ కూడా అతనిదే. మధ్య ఓవర్లలో షార్ట్, ఆ తర్వాత కొనోలీ నింపాదిగా ఆడుతుంటే బంతిని తిప్పి వారిని ముందుకు లాగగలిగే మణికట్టు స్పిన్నర్ లేడు. రోహిత్ సారథిగా ఉన్నప్పుడు ఛాంపియన్స్ ట్రోఫీలో స్పిన్నర్లతోనే అందరినీ చుట్టేశాం, నలుగురిని ఒకేసారి ఆడించాడు. ఆ ధైర్యం గిల్‌కు ఇంకా రావాలి.

తొలి స్లిప్ (గుంటూరు)
23 అక్టోబరు 2025, రాత్రి 8.40

అన్నా, మీ కోపం సబబే. కానీ దుబాయ్ పిచ్‌లనూ ఆస్ట్రేలియా పిచ్‌లనూ ఒకే గాటన కట్టకండి. నలుగురు స్పిన్నర్లను ఆడించడం అక్కడ తెలివి, ఇక్కడ సాహసం. కుల్దీప్ ఒక్కడు ఉండవలసిందన్న మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

నా దృష్టి వేరేచోట ఉంది. ఈ రోజు ఫీల్డింగ్ సమయంలో ఓవర్ల మధ్య గిల్ పదేపదే రోహిత్ దగ్గరకు నడిచి వెళ్లడం నేను చూశాను. కొత్త సారథి పాత సారథిని అడగడంలో చిన్నతనమేమీ లేదు. అడగకపోతేనే నాకు దిగులుగా ఉండేది.

మలుపు బంతి (కాకినాడ)
23 అక్టోబరు 2025, రాత్రి 11.15

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఈ విషయం మీద నాకు సొంత అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను. పెద్ద క్రికెట్ కాదు, కాలేజీ క్రికెట్. అయినా రాయనివ్వండి.

మూడో సంవత్సరంలో నేను మా కాలేజీ జట్టు సారథిని. ఆ ఏడాది అంతర్ కళాశాలల పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. నాలుగో సంవత్సరం మొదట్లో ఒక రోజు నోటీసు బోర్డు మీద జట్టు జాబితా అంటించారు. నా పేరు మూడో వరుసలో ఉంది, మొదటి వరుసలో నా జూనియర్ పేరు, పక్కన బ్రాకెట్లో కెప్టెన్ అని. ఎవరూ నాతో మాట్లాడలేదు. నేను చేసిన తప్పు ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

మొదటి మ్యాచ్‌లో నేను ఫైన్ లెగ్‌లో నిలబడ్డాను. మ్యాటింగ్ వికెట్, ఎదుటి జట్టులో ఒక ఎడమచేతి వాటం కుర్రవాడు ప్రతి బంతినీ మిడ్‌వికెట్ మీదుగా లేపుతున్నాడు. వాడికి ఆఫ్ స్టంప్ బయట నెమ్మది బంతి వేసి, కవర్స్‌ను నాలుగడుగులు ముందుకు జరిపితే క్యాచ్ వస్తుందని నాకు తెలుసు. క్రితం ఏడాది వాణ్ని అలాగే అవుట్ చేశాం. మా కొత్త సారథి రెండుసార్లు నా వైపు చూశాడు. నేను తల తిప్పుకుని బౌండరీ తాడు సరిచేస్తున్నట్టు వంగాను. వాడు 70 దాకా కొట్టాడు, మేం ఓడిపోయాం. ఆ సాయంత్రం కిట్ సర్దుకుంటున్నప్పుడు ఆ జూనియర్ నా దగ్గరకు వచ్చి, 'అన్నా, నువ్వు ఉన్నావు కదా అని ధైర్యంగా ఉన్నాను' అని మాత్రం అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా గొంతు పట్టేస్తుంది.

నాకు నోటీసు బోర్డు ద్వారా చెప్పడం తప్పే. కానీ నేను చేసిన తప్పు దానికంటే పెద్దది. అందుకే పెర్త్‌లో రోహిత్ ఆ టోపీ అందిస్తుంటే నేను టీవీ ముందునుంచి లేవలేకపోయాను.

పాత స్కోరు పుస్తకం (సికింద్రాబాద్)
24 అక్టోబరు 2025, ఉదయం 6.30

మలుపు బంతి బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ మాటకు తోడుగా మా ఊరి కథ ఒకటి చెబుతాను.

పటౌడీ నవాబు భారత జట్టు సారథిగా ఉన్న రోజుల్లోనే రంజీ ట్రోఫీలో హైదరాబాద్‌కు ఆడేవారు. ఇక్కడ సారథి ఎం.ఎల్. జయసింహ. శనివారం టెస్టులో ఆజ్ఞలు ఇచ్చిన మనిషి మరో వారం ఫతేమైదాన్‌లో జయసింహ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడేవారు. జయసింహ 39 టెస్టులు ఆడి ఒక్కదానికి కూడా భారత సారథి కాలేదు. అయినా నవాబుగారు ఆయన సారథ్యాన్ని ఎంతో గౌరవించేవారు. కుర్రవాడిగా నేను సైకిల్ మీద వెళ్లి ఆ మ్యాచ్‌లు చూశాను. పటౌడీ కవర్స్ నుంచి పరుగెత్తుకొచ్చి బంతిని అందుకుని విసిరే తీరులో, తాను ఇక్కడ సారథి కానన్న ఛాయ ఎక్కడా కనిపించేది కాదు.

టెక్సాస్ తెల్లవారుజాము (డల్లాస్)
25 అక్టోబరు 2025, సాయంత్రం 5.10

రాత్రంతా మేలుకున్నాను, నిద్ర పట్టే అవకాశమే లేదు. సిడ్నీలో రోహిత్ 121 అజేయం, కోహ్లి 74 అజేయం. 237 లక్ష్యాన్ని ఒక్క వికెట్ కోల్పోయి 38.3 ఓవర్లలో ఛేదించాం. ఇద్దరి మధ్య విడదీయరాని 168 పరుగుల భాగస్వామ్యం. మూడు మ్యాచ్‌ల్లో 202 పరుగులతో సిరీస్ ఉత్తమ ఆటగాడు రోహిత్. అంతకుముందు హర్షిత్ రాణా నాలుగు వికెట్లు తీశాడు, కుల్దీప్ కూడా ఈసారి ఆడాడు.

పోయిన సిరీస్‌లో చివరి మ్యాచ్ గెలిస్తే ఏమిటి అని అనేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం ఇది చాలా పెద్ద విషయం. అవుటై వచ్చి డ్రెస్సింగ్ రూమ్ బాల్కనీలో కూర్చున్న గిల్, మైదానంలో ఇద్దరు పాత సారథులు తన జట్టును గెలిపించడం చూస్తున్నాడు. వాళ్లిద్దరూ పరుగులు తీస్తున్నప్పుడు ఒకరినొకరు పిలుచుకునే పద్ధతి చూడండి. రెండో పరుగుకు ఎవరూ ఎవరినీ అడగరు, కళ్లు కలిస్తే చాలు. ఇది పదిహేనేళ్ల సావాసం, ఏ సెలక్టరూ దీన్ని జాబితాలో రాసి ఇవ్వలేడు.

శ్రేయస్ వెనక్కి పరుగెత్తి క్యారీ క్యాచ్ అందుకుంటూ గాయపడ్డాడు. త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుందాం.

కృష్ణా ఎండ్ (విజయవాడ)
25 అక్టోబరు 2025, రాత్రి 7.00

ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు నా ప్రశ్న న్యాయం గురించి. ఈ మూడు వారాల్లో ఆ ప్రశ్న మీద నా పట్టు కొంత సడలింది. రోహిత్‌ను మరో రెండు సిరీస్‌లకు కొనసాగించి ఉండవచ్చునన్న అభిప్రాయం ఇంకా మారలేదు. అయితే తనకు జరిగిన దాన్ని అతను మోసుకుంటూ మైదానంలోకి దిగలేదన్నది ఈ రోజు కళ్లారా చూశాను. నాకు అది చాలా ధైర్యం ఇచ్చింది.

ఉప్పల్ గ్యాలరీ (హైదరాబాద్)
26 నవంబరు 2025, సాయంత్రం 4.30

నెల తర్వాత మళ్లీ బరువైన మనసుతో రాస్తున్నాను. దక్షిణాఫ్రికాతో టెస్టు సిరీస్‌లో, కోల్‌కతాలో 124 ఛేదించలేక 93కు ఆలౌటై 30 పరుగులతో ఓడాం. ఈ రోజు గువాహటిలో 408 పరుగులతో ఓడాం. పరుగుల్లో ఇది మన టెస్టు చరిత్రలోనే అతి పెద్ద పరాజయం. 2000 తర్వాత దక్షిణాఫ్రికా మన దేశంలో టెస్టు సిరీస్ గెలవడం ఇదే మొదటిసారి. గిల్ కోల్‌కతాలో మెడ పట్టేసి మైదానం వీడాడు, గువాహటిలో రిషభ్ పంత్ సారథ్యం వహించాడు.

డల్లాస్ మిత్రుడు అక్టోబరులో చెప్పిన భయం ఇదే. ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులు, ఆసియా కప్, వెస్టిండీస్‌తో రెండు టెస్టులు, ఆస్ట్రేలియాలో వన్డేలు, టీ20లు, దిగిన వెంటనే దక్షిణాఫ్రికా. సెప్టెంబరు నుంచి ఆ కుర్రవాడికి ఊపిరి తీసుకునే వారం దొరకలేదు. మెడ నొప్పికి ఇదే కారణమని నేను వైద్యుడిలా చెప్పలేను, కానీ ఇంత భారం ఒక్కరి మీద పెట్టకూడదని అభిమానిగా చెప్పగలను. గువాహటిలో మన సిరాజ్, నితీశ్ ఇద్దరూ ఉన్నా ఆదుకోలేకపోయారు. ముగ్గురు సారథులు ఉండకూడదన్న వాదనను సెలక్టర్లు మళ్లీ ఒకసారి ఆలోచించాలి.

తొలి స్లిప్ (గుంటూరు)
26 నవంబరు 2025, సాయంత్రం 6.15

ఆలోచించే అవసరం ఇప్పటికే వచ్చింది. గిల్, శ్రేయస్ ఇద్దరూ గాయాలతో లేకపోవడంతో దక్షిణాఫ్రికాతో వన్డేలకు కె.ఎల్. రాహుల్ సారథి. రెండు నెలల్లో మనకు ఇది రెండో వన్డే సారథి. మూడో మ్యాచ్ మన విశాఖలోనే. మీలో ఎవరైనా వెళుతుంటే దయచేసి వివరంగా రాయండి.

మధురవాడ మలుపు (విశాఖపట్నం)
7 డిసెంబరు 2025, ఉదయం 9.20

నిన్న రాత్రి ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా ఇంటినుంచి స్టేడియం నడక దూరం. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజునుంచి ఇక్కడ ఏ మ్యాచ్ జరిగినా మా కుటుంబమంతా ఉంటాం. 2019 అక్టోబరులో రోహిత్ టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా వచ్చి రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు చేసింది కూడా ఇక్కడే. అందువల్ల అతనంటే ఈ ఊరికి ఒక ప్రత్యేకమైన అభిమానం.

రాంచీలో, రాయ్‌పూర్‌లో కోహ్లి రెండు శతకాలు చేసినా సిరీస్ 1-1గా ఉంది. అంతకుముందు వన్డేల్లో వరుసగా 20 సార్లు టాస్ ఓడిపోయాం. రాత్రి మంచు కురిసే ఈ కాలంలో టాస్ ఓడితే బౌలర్ల చేతుల్లో తడి బంతి తప్పదు, అదీ ఈ బాధకు కారణం. నిన్న రాహుల్ నాణేన్ని ఎడమచేత్తో ఎగరవేశాడు. మనం గెలిచామని తెలియగానే స్టేడియంలో లేచిన అరుపు విని, నా పక్కన కూర్చున్న మా అత్తయ్య అప్పుడే వికెట్ పడిందా అని కంగారుగా అడిగింది. రాహుల్ ముఖంలో ఆనందం పెద్ద తెర మీద అందరూ చూశారు.

బంతి పొడిగా ఉన్నంతసేపు ఏం చేయాలో అదే చేశారు. డికాక్ 106 చేసినా ప్రసిద్ధ్ కృష్ణ, కుల్దీప్ చెరో నాలుగు వికెట్లు తీయడంతో వాళ్లు 270కి ఆలౌటయ్యారు. ఆ తర్వాత రోహిత్ 75 చేసి జైస్వాల్‌తో తొలి వికెట్‌కు 155 జోడించాడు. జైస్వాల్ తన మొదటి వన్డే శతకం, 116 అజేయంగా చేశాడు. కోహ్లి 65 అజేయం. పది ఓవర్లు మిగిలి ఉండగానే 9 వికెట్లతో గెలిచాం.

ఇక మీ చర్చకు సంబంధించిన విషయం. వాళ్ల చివరి వికెట్లు పడుతున్నప్పుడు కుల్దీప్ ఒక బంతికి ఎల్బీ కోసం గట్టిగా అరిచి, రివ్యూ తీసుకోమని సారథి వైపు తిరిగాడు. సారథి రాహుల్ వికెట్ల వెనుక ఉన్నాడు. రోహిత్ స్లిప్‌లో ఉన్నాడు. కుల్దీప్ ఇంకా బతిమాలుతుండగానే రోహిత్ నవ్వుతూ, వెళ్లు వెళ్లు, వెనక్కి వెళ్లి బౌలింగ్ చెయ్యి అన్నట్టు చేయి ఊపాడు. రాహుల్ కూడా నవ్వేశాడు. కుల్దీప్ చిన్నపిల్లవాడిలా తల వంచుకుని రన్‌అప్ మొదటికి నడిచి వెళ్లాడు. తెర మీద అది మళ్లీ వేసినప్పుడు మా స్టాండ్ అంతా చప్పట్లు కొట్టింది. నిన్నటి సారథి రాహుల్, అసలు సారథి గిల్, కుల్దీప్ మాట విన్నది మాత్రం స్లిప్‌లో ఉన్న మనిషిది.

మలుపు బంతి (కాకినాడ)
7 డిసెంబరు 2025, ఉదయం 10.05

మధురవాడ మలుపు గారూ, ఆ ఒక్క పేరా కోసం నేను ఈ రోజు సెలవు పెట్టినా తప్పులేదు. నిన్న నేను టీవీలో చూశాను గానీ, స్టాండ్ అంతా చప్పట్లు కొట్టిందని మీరు రాసేదాకా తెలియలేదు.

మా జూనియర్ ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. మొన్న ఈ చర్చ లంకె అతనికి పంపాను. ఇంకా జవాబు రాలేదు. ఈ సాయంత్రం ఫోన్ చేస్తాను.